కుంటిరాణి కాపురం



ఈవేళ నేను చెప్పబోయేది వంటల గురించి కాదు, ఊరగాయల గురించీ కాదు. చీమల గురించి. "పొద్దున్న లేస్తే పంచదార డబ్బా దగ్గర వాటితో యుద్ధమే, మళ్లీ రేడియోలో కూడా వాటి గొడవేనా?" అని విసుక్కోకండి. నేనూ మీలాంటిదాన్నే. కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్లలో చీమల్ని చీపురుతో ఊడ్చాను, గుమ్మం వార పసుపు చల్లాను, మందు సుద్దముక్కతో గీతలు గీశాను. అటువంటిదాన్ని ఒక చీమని, అందులోనూ కాలు పోయిన చీమని, గాజుగొట్టంలో పెట్టి సాకి, దానిచేత కాపురం పెట్టించాను. ఈ కబురు మా చుట్టాల్లో పాకి, పెళ్లిళ్లలో కలిసినప్పుడు "ఏమమ్మా, నీ చీమ కులాసానా?" అని పలకరించేవాళ్లు తయారయ్యారు. రేడియోలో ఇచ్చిన టైముకి కొన్ని సంగతులు కుదించాల్సివచ్చింది. ఇక్కడ అచ్చులో వస్తోంది గనక వాటిని కూడా కలిపాను.

మన ఇళ్లల్లో బారులుకట్టి తిరిగే చీమలన్నీ ఆడవే. అవి పనిచీమలు. మామూలుగా పిల్లల్ని కనే పని వాటిది కాదు, అది లోపల చీకట్లో ఉండే రాణిది. రాణి అన్నది పేరుకే గానీ, ఆవిడ ఎవరికీ ఆజ్ఞలు జారీ చెయ్యదు. జన్మంతా గుడ్లు పెడుతూ కూచోవడమే ఆవిడ రాచరికం. తొలకరి వానలు పడ్డాక, ఉక్కగా ఉన్న సాయంత్రాల్లో, చీమల బొరియల్లోంచి రెక్కల చీమలు బయటికొస్తాయి. లావుగా ఉన్నవి కాబోయే రాణులు, సన్నగా చిన్నగా ఉన్నవి మగచీమలు. గాలిలోకి లేచాక వాటికి జత కుదురుతుంది. మగచీమ కథ అంతటితో సరి, త్వరలోనే చచ్చిపోతుంది. ఆడచీమ నేలకి దిగి, తన రెక్కల్ని తానే విరిచి పారేసి, చిన్న గుంట తవ్వుకుని లోపలికి వెళ్లి దారి మూసేసుకుంటుంది. ఆ సాయంత్రం అందిన మగబీజాన్ని కడుపులో ఒక చిన్న సంచిలో భద్రం చేసుకుని, బతికినన్నాళ్లూ పొదుపుగా వాడుకుంటుంది. నెలసరుకుని మనం ముప్పై రోజులకి సర్దుకున్నట్టు, ఆవిడ ఒక్కరోజు సరుకుని ఏళ్లకేళ్లు సర్దుకుంటుందన్నమాట.

ఉసిళ్లనీ వీటినీ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదండీ. ఉసిళ్లు చెదపురుగుల జాతి. వాటికి నాలుగు రెక్కలూ ఒకే పొడుగు, నడుమంటూ ఉండదు, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకి ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. నడుము దారమంత సన్నం. మీసాలు మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంటాయి. అంతెందుకు, పాములు చేరతాయని మనం చెప్పుకునే పెద్దపెద్ద మట్టిపుట్టలు కూడా చెదలు కట్టినవే. పేరు మాత్రం చీమలకి దక్కింది.

ఇక నా కథకి వస్తాను. ఇది మొదలయింది 2021 జూన్‌లో. బళ్లు మూసి ఉన్న రోజులు. మా చిన్నవాడు అప్పుడు ఆరో తరగతి. ఇంట్లో కూచుని కూచుని వాడికి పిచ్చెక్కిపోతోంది. ఒకనాడు పెరట్లో రెక్కలు రాలిన గండుచీమ రాణి దొరికింది. అర అంగుళానికి పైన ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతూ. "పెంచుకుందాం అమ్మా" అన్నాడు. పోనీ వాడికి కాలక్షేపం అనుకుని హార్లిక్స్ సీసాలో తడిమట్టి వేసి అందులో వదిలాం.

నేను చేసిన సేవ ఇంతా అంతా కాదు. పంచదార నీళ్లు పోశాను. నాలుగు బియ్యం గింజలు వేశాను. చీకట్లో దిగులుపడుతుందేమోనని సీసా కిటికీలో పెట్టాను. వాడొకసారి, నేనొకసారి, మధ్యలో పక్కింటి పిల్లలొకసారి మూత తీసి చూడ్డం. ఏడు గుడ్లు పెట్టింది. సంబరపడ్డాం. నాలుగురోజులు పోయాక చూస్తే నాలుగే ఉన్నాయి. తరవాత ఒక్కటీ లేదు. తానే తినేసింది! పంచదార నీళ్ల మీద బూజు కట్టింది. పంతొమ్మిదో రోజున కాళ్లు ముడుచుకుని పడి ఉంది. వాడు దాన్ని మందారమొక్క కింద పూడ్చిపెట్టి, "నువ్వే చంపేశావు" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనేమీ అనలేకపోయాను. అందులో అబద్ధమేముంది?

మా వీధిలోనే డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే మేడం ఉన్నారు. నేను చదివింది పదో తరగతే అయినా, అడగడానికి సిగ్గుపడే స్వభావం కాదు నాది. వెళ్లి అడిగాను. ఆవిడ ముందు నవ్వి, తరవాత ఓపిగ్గా చెప్పారు. గండుచీమ రాణి గుంట మూసుకుని కూచున్నది మొదలు మొదటి పిల్లలు పెద్దవై బయటికొచ్చేదాకా ఏమీ తినదట. నెల కావచ్చు, నెలన్నర కావచ్చు, కటిక ఉపవాసం. మరి బలమెక్కణ్ణించి వస్తుంది? ఒంట్లో కొవ్వు ఉంటుంది. దానికితోడు రెక్కలాడించే కండలుంటాయి కదా, ఇక ఎగిరే పని లేదు గనక ఆ కండలు లోపలే కరిగిపోతాయి. ఆ సారంతోనే గుడ్లు పెట్టి, పిల్లపురుగులకి నోటితో అందిస్తుంది. అంటే తన ఒంటినే వండి పిల్లలకి పెడుతుందన్నమాట. అలాంటిదాన్ని మాటిమాటికీ కదిపి, వెలుగులో పెట్టి బెదరగొడితే, ఇక్కడ పిల్లలు బతకరని దానికి తోస్తుంది కాబోలు, పెట్టిన గుడ్లు తిని ఆ బలం వెనక్కి తీసుకుంటుంది. "పురిటిగదిలోకి ఊరందరినీ పంపించినట్టు చేశారండీ మీరు" అన్నారావిడ. ఇద్దర్ని కన్నదాన్ని, నాకా మాట సూదిలా గుచ్చుకుంది.

మరుసటేడు, 2022 జూన్ నెలాఖరు సోమవారం రాత్రి, వాన వెలిసింది. వరండాలో ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు ముసిరాయి. "అమ్మా, రాణి! బల్లి పట్టేసింది!" అని మావాడు కేక. చేతిలో చీపురుందేమో గోడ మీద ఠపీమని కొట్టాను. బల్లి వదిలేసి పారిపోయింది. చీమ కిందపడింది. కుడివైపు వెనకకాలు మోకాలి కిందనించి లేదు. తెగినచోట నీళ్లలాంటి బొట్టు. చీమకి ఎర్రరక్తం ఉండదు, ఒంట్లో తిరిగేది ఆ ద్రవమే. ఒకపక్క రెక్కలు చిరిగిపోయాయి. రెండోపక్కవి బాగానే ఉన్నాయి.

మా అత్తగారు ఇంత పసుపు చేత్తో పట్టుకుని వచ్చేశారు, దెబ్బకి అద్దుదామని. నాకూ అదే తోచింది. మావాడు మాత్రం మేడం గారింటికి పరుగెత్తాడు. ఆవిడ చెప్పి పంపిన మొదటి మాట, "ఏమీ రాయద్దు." చీమ మనలాగ ముక్కుతో గాలి పీల్చదట. ఒంటికి రెండువైపులా సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలుంటాయి, వాటితోనే ఊపిరి. నూనె రాస్తే అవి పూడిపోతాయి. అయినా మనం చీమలు రాకుండా గుమ్మంలో చల్లేది పసుపే గదా! ఈ సంగతి నా బుర్రకి తట్టలేదు చూశారూ. చిన్న గాయమైతే ఆ ద్రవం దానంతట అదే గడ్డకట్టి మూసుకుంటుంది.

దెబ్బతిన్న చీమని చూసినప్పుడు బతుకుతుందా లేదా అన్నది దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పొట్ట చిట్లితే ఆశ వదులుకోవాల్సిందే. మీసాలు రెండూ పోతే ప్రాణం ఉన్నా కష్టమే, ఎందుకంటే చీకటింట్లో దానికి చూపు, వాసన, స్పర్శ అన్నీ అవే. గుడ్డెక్కడుందో, పిల్లకి ఆకలేస్తోందో లేదో మీసాలతో తడిమే తెలుసుకుంటుంది. ముందుకాలు పోయినా ఇబ్బందే. ముందుకాళ్లకి సన్నటి దువ్వెనలాంటిది ఉంటుంది, దాంతోనే మీసాలు దువ్వి శుభ్రం చేసుకుంటుంది. వెనకకాలు పోవడం ఉన్నవాటిలో మేలు. నడిచేటప్పుడు చీమ మూడు కాళ్లు నేలమీద ఆనించి మూడు కాళ్లు ఎత్తుతుంది. ఒకటి పోతే ఉన్న అయిదింటితో నడక మార్చుకుంటుంది. పోయిన కాలు మాత్రం మళ్లీ రాదు. పురుగుజాతిలో కాలు మొలవాలంటే కుబుసం విడవాలి, పెద్దదైన చీమకి ఆ యోగం లేదు.

ఇవన్నీ సరే. మావాడు వేసిన ప్రశ్నకి మాత్రం మేడం దగ్గర కూడా జవాబు లేదు. "ఈ రాణికి పెళ్లయిందా, కాలేదా?" రెక్కలు రాల్చుకుని నేలమీద తిరిగే రాణి అయితే దాదాపు జత కుదిరిందనే లెక్క. మా రాణి రెక్కలతోనే దొరికింది. జత కుదరకముందే బల్లి నోట పడిందో ఏమో! జత కుదరని రాణి కూడా గుడ్లు పెడుతుంది, అవి పొదుగుతాయి కూడా. కానీ అన్నీ మగచీమలే పుడతాయి. చీమల్లో బీజం కలిసిన గుడ్డు ఆడది, కలవని గుడ్డు మగది. మగచీమలు ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టవు. ఇలా అంటే మావారు వార్తలు వింటున్నవాళ్లల్లా తలెత్తి చూశారు. వాటితో సంసారం నడవదు. అది తేలాలంటే నెలన్నర ఆగాలి.

ఈసారి సీసా లేదు, మట్టి లేదు. మేడం ఇచ్చిన పరీక్షనాళిక, అంటే జానెడు పొడుగు గాజుగొట్టం. మూడోవంతు నీళ్లు పోసి, దూది గట్టిగా దూర్చి నీళ్ల దాకా దించాం. దూది తడుస్తుంది గానీ నీళ్లు ఇవతలికి రావు. దాని ముందు చిటికెడు సన్నటి పొడి ఇసుక. పిల్లపురుగు గూడు అల్లుకునేటప్పుడు దారం అంటించుకోడానికి ఆధారం కావాలిట. రాణిని చేత్తో పట్టుకోకుండా, గొట్టం దానికి ఎదురుగా పెట్టి, మావాడి బొమ్మల బ్రష్షుతో మెల్లిగా తోశాం. నడిచి వెళ్లింది, ఒకపక్కకి ఒరుగుతూ. ఇవతల మూతికి పొడిదూది. ఇంతే. తిండి లేదు, తేనె లేదు. గొట్టం చుట్టూ ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టాం. చీమలకి ఎరుపు దాదాపు చీకటితో సమానం. ఇంగ్లండులో సర్ జాన్ లబ్బక్ అని ఒకాయన, బ్యాంకులు నడిపే దొరట, పందొమ్మిదో శతాబ్దంలోనే చీమలమీద రంగురంగుల అద్దాలు పెట్టి చూసి, అవి ఎర్ర అద్దం కింద చేరతాయనీ, మన కంటికి ముదురుగా కనబడే ఊదా అద్దం కిందికి రావనీ కనిపెట్టాడు. ఆయన 1874లో తెచ్చుకున్న రాణిచీమ 1888 దాకా బతికిందంటే నమ్ముతారా? మన ఇళ్లల్లో మిక్సీ అన్నాళ్లు బతకదు.

గొట్టాన్ని పూజగది పక్క గూట్లో పెట్టి, ఆదివారం ఆదివారం దీపాలు పెట్టే వేళ ఒక్కసారే చూడాలని ఒట్టు వేసుకున్నాం. చెప్పడం తేలిక. ఆ గూటి ముందునుంచి రోజుకి నలభైసార్లు తిరిగేదాన్ని నేను. చెయ్యి దానంతటదే వెళ్లేది. బతికుందో లేదో, పుండు ఎలా ఉందో. కిందటేడు వాడన్న మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. మనకి ఎవరైనా జబ్బుపడితే జావ కాచాలి, నుదురు పట్టి చూడాలి, ఏదో ఒకటి చెయ్యాలి. ఏమీ చెయ్యకుండా ఉండడం మన చేతులకి అలవాటు లేని పని.

మొదటి ఆదివారం చూస్తే మిగిలిన రెక్కలు విరిచి మూల పడేసింది. మంచి శకునమే గానీ రుజువు కాదు. తెగిన కాలు కొన నల్లబడి ఎండింది. రెండో ఆదివారం గుడ్లు, లెక్కకి అందినవి ఆరు. బొంబాయి రవ్వ గింజల్లా ఉన్నాయి, అన్నీ ఒక ముద్దగా చేర్చి నాకుతోంది. బూజు పట్టకుండా అలా నాకుతూనే ఉంటుందట. వానకి ముందు చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయంటాం చూడండి, ఆ బియ్యంగింజంత తెల్లటివి గుడ్లు కావు, పిల్లలు, పిల్లల గూళ్లు. అసలు గుడ్డు మన కంటికి ఆనడమే కష్టం. నాలుగో వారానికి పిల్లపురుగులు కనబడ్డాయి, కాళ్లు లేకుండా, మెడ ఒకటి చాచుకుని. అయిదో వారానికి నాలుగు గూళ్లు, లేత గోధుమరంగువి. రాణి పొట్ట మాత్రం లోపలికి పీక్కుపోయింది. "పచ్చి బాలింత, పస్తు పెట్టి చంపుతున్నారు" అని అత్తగారు ఒకటే సణుగుడు. ఒక బొట్టు తేనె పెడదామా అని నాకూ మనసు పీకింది. పెట్టలేదు.

ఆగస్టు 14, ఆదివారం. ఎర్రకాగితం జరిపేసరికి రాణి ఒక గూటిని ముందుకాళ్లతో పట్టుకుని నోటితో కొరుకుతోంది. మావాడు బావురుమన్నాడు, "మళ్లీ తినేస్తోందమ్మా!" నాకూ గుండె జారింది. తినడం కాదు. గండుచీమ పిల్ల తన గూడు తాను చింపుకుని రాలేదట, తల్లో అక్కలో చింపాలి. అక్కలింకా పుట్టలేదు గనక తల్లే మంత్రసాని. వెనక కాలు లేదు గనక పట్టు తప్పి పక్కకి ఒరుగుతోంది, మళ్లీ లేచి కొరుకుతోంది. మేం ఊపిరి బిగపట్టి చూశాం, చీమ చిటుక్కుమంటే వినబడుతుందంటారే, అలాగ. చాలాసేపటికి తెల్లగా, మెత్తగా, వణుకుతూ ఒకటి బయటపడింది. మావాడు ముక్కు గాజుకి ఆనించి, "రెక్కల్లేవమ్మా! ఆడదే!" అన్నాడు. మా ఇంట్లో ఆడపిల్ల పుట్టిందని అంత పెద్దగా అరిచింది అదే మొదలు. అత్తగారు విని నవ్వుకున్నారు.

అప్పుడు పెట్టాం తేనె. రెండు చుక్కల నీళ్లలో ఒక చుక్క తేనె, అగ్గిపుల్ల కొనతో. మొదటి పనిచీమలు చాలా చిన్నవిగా పుడతాయి, పస్తులున్న తల్లి పిల్లలు కదా. తరవాతివి పెద్దవవుతాయి. పెద్దచీమలకి తీపి చాలు, పెరిగే పిల్లపురుగులకి మాంసకృత్తులు కావాలి. చచ్చిన దోమ, ఉడికించిన గుడ్డు తెల్లసొనలో ఆవగింజంత ముక్క. పెద్దచీమ గట్టిపదార్థం మింగలేదు, అంత సన్నటి నడుములోంచి దిగదు. రసం పీల్చుకోగలదంతే. అందుకని ముక్కని తీసుకెళ్లి పిల్లల దగ్గర పెడుతుంది. మిగిలినది మర్నాడు తీసెయ్యాలి, లేకపోతే బూజు.

అసలు శత్రువులు సన్నటి ఎర్రచీమలు. తేనె వాసనకి వచ్చి, గొట్టంలో దూరితే ఒక్క పూటలో అంతా సర్వనాశనం. పూర్వం అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లం గుర్తుందా? పాలగిన్నెని నీళ్ల పళ్లెంలో పెట్టేవాళ్లం. అదే చేశాను. చీమలనుంచి పాలని కాపాడిన పళ్లెంతోనే చీమలనుంచి చీమలని కాపాడానన్నమాట. చలికాలానికి అవి పాతిక దాకా అయ్యాయి. గొట్టం మూతి దూది తీసి, గొట్టంతో సహా ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాం. అంచుకి లోపలివైపు కొబ్బరినూనె పల్చగా రాస్తే ఎక్కి బయటికి రాలేవు. ఆ నూనె వారం వారం రాయాలి. ఒక వారం మరిచిపోయాను. ఆ సంగతి మావారు చెప్తే బాగుంటుంది, చొక్కా ఆయనది.

2024లో ఒక వార్త చదివి అలాగే కూచుండిపోయాను. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివాళ్లూ ఫ్లోరిడాలో ఉండే ఒకరకం చీమల్ని పరీక్షించారు. మన గండుచీమకి అవి దగ్గరి బంధువులు. కాలికి దెబ్బతగిలిన చీమకి తోటి చీమలు వైద్యం చేస్తాయట! తొడదగ్గర గాయమైతే ముందు నాకి శుభ్రం చేసి, కాలు మొదలంటా కొరికి తీసేస్తాయి. ఆపరేషనే. దానికి కనీసం 40 నిమిషాలు పడుతుంది. గాయపడ్డది కదలకుండా ఓర్చుకుంటుంది. మోకాలి కింద గాయమైతే మాత్రం కాలు తియ్యవు, నాకి శుభ్రం చేసి వదిలేస్తాయి. ఎందుకంటే తొడ కండలే ఆ ద్రవాన్ని తోసేవి. అవి దెబ్బతింటే ప్రవాహం మందగిస్తుంది, విషం ఒంట్లోకి ఎక్కేలోపల కాలు తీసే వ్యవధి ఉంటుంది. మోకాలి కింద అంత కండ లేదు, విషం వేగంగా ఎక్కుతుంది, కాలు తీసినా లాభం లేదు. గాయంలో సూక్ష్మజీవులు చేరాక, మోకాలి కింద దెబ్బతిన్న చీమని ఒంటరిగా వదిలేస్తే నూటికి 15 బతికాయి. తోటివాళ్లు నాకి బాగుచేస్తే 75 బతికాయి.

మా రాణికి దెబ్బ మోకాలి కిందే. నాకడానికి తోటిదెవరూ లేరు. తన పుండు తానే నాక్కుంటూ ఆ గొట్టంలో ఎలా గడిపిందో ఆ మొదటివారం! అప్పుడిది తెలిస్తే నా చెయ్యి ఆగేది కాదు, పసుపో గిసుపో అద్దే ఉందును. తెలియకపోవడమే మంచిదైంది.

రేడియోలో విని ఉత్తరాలు రాసినవాళ్లు అడిగిందొకటే, రాణి కోసం బొరియ తవ్వచ్చా అని. తవ్వకండి. రాణి చేతికి రాదు, వచ్చినా ఆ సంసారమంతా కూలిపోతుంది. తొలకరిలో దీపం కిందో, వాకిట్లోనో దానంతటది దొరికితేనే. దెబ్బతిని ఉంటే చీకటి, తడి, నిశ్శబ్దం ఈ మూడే మందు. పెంచలేమనిపిస్తే దొరికినచోటే చెట్టు మొదట్లో తడినేల మీద వదిలెయ్యండి. దూరపు ఊళ్లనుంచి వేరే జాతి చీమల్ని తెచ్చుకోవద్దు, తప్పించుకుంటే మన ఊళ్లో ఉన్నవాటికి ముప్పు.

2025కి వచ్చేసరికి మావాడు పదో తరగతి, వాడికి చీమల మీద మోజు తగ్గి క్రికెట్టు మీదికి మళ్లింది. డబ్బా మటుకు వంటింటి పక్క గూట్లో, నీళ్ల పళ్లెంలో అలాగే ఉంది. రెండు వందలు దాటాక లెక్కపెట్టడం మానేశాను. రాణి మధ్యలో కూచుని ఉంటుంది, అప్పుడప్పుడు ఒకపక్కకి ఒరుగుతూ నాలుగడుగులు వేస్తుంది. మా అత్తగారు పొద్దున్నే ముగ్గు వేసొచ్చి, చేతికంటిన బియ్యప్పిండి ఆ డబ్బాలో దులపబోతారు. "పిండి వద్దత్తయ్యగారూ, దోమని కొడితే అదివ్వండి" అంటాను. "దోమల్ని చంపి చీమల్ని సాకడం, ఇదెక్కడి ధర్మమే అమ్మాయ్" అంటూనే, రెండు చేతులూ పట్టుకుని దోమ కోసం వెతుకుతారు.